ఓడ ఇయ్యను

ఈ ఉదయం కూరగాయల మార్కెట్లో చిక్కుడుకాయలు ఏరుతుంటే, సంచిలోని ఫోన్ "గాలి పడమటి నుంచి వీస్తోంది, కెప్టెన్" అని గట్టిగా అరిచింది. అమ్మే ఆమె తూకం మరిచిపోయి నన్ను ఎగాదిగా చూసింది. పెద్దపల్లిలో ఓడలెక్కడివి అనుకుని ఉంటుంది. నాకు సిగ్గేమీ వేయలేదు. యాభై ఆరేళ్లు నాకు, బట్టలు కుట్టి బతుకుతాను, ఫోన్లో ఓడ నడుపుతాను. గాలి మాట వినగానే గుర్తొచ్చింది మా పెద్దమ్మ, అమ్మకు అక్క.

ఈ ఆట నాకు మస్కట్‌లో పనిచేసే తమ్ముడు నేర్పించాడు. వాడి దోస్తులతో కలిపి ఎనిమిది మందిమి ఒక జట్టు. ఒక రేవులో సరుకెత్తి గడువులోగా ఇంకో రేవుకు చేర్చాలి. జట్టు నాయకుడు భైంసా మనిషి, మస్కట్‌లోనే లారీ తోలుతాడు. గొంతే తప్ప ముఖం ఎరుగను. మూడుసార్లు గడువు తప్పితే ఓడ ఇంకొకరికి ఇచ్చెయ్యాలని అతని కట్టుబాటు. నా ఓడను ఏడాది పాటు ఒక్కో చెక్కా, ఒక్కో తెరచాపా కూడబెట్టి కట్టుకున్నాను. నాలుగేళ్ల కింద ఒక వానాకాలం నాటికి రెండుసార్లు గడువు తప్పింది. "అక్కా, ఊకె పరేషాన్ గాకు. ఓడ ఇంకొకలకిద్దాం, నువ్వు ఇల్లు జూస్కో" అన్నాడు నాయకుడు. మా ఆయన పక్కనుంచి ఆజ్యం పోశాడు: "కూట్లె రాయి తియ్యనోడు ఏట్లె రాయి తీస్తనన్నడట. స్కూటీ తోల రాదు గని ఓడ తోల్తదట!" ఇద్దరి మీదా ఒళ్లు మండింది.

అప్పుడే పెద్దమ్మ ఖానాపూర్ నుంచి వచ్చి మా ఇంట్లో ఉంది. పొలం గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కాలి నొప్పి కంటే, "ఇగ నీకు పొలమెందుకు" అని కొడుకులన్న మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మంచం మీద కూర్చుని అన్నిటితోనూ తగువే: చాయ్‌లో చక్కెరతో, దోమతెరతో, టీవీలో వాన కబుర్లు చెప్పే పిల్లతో. మూడోసారి నేను సరుకుతో బయల్దేరిన ఆదివారం మధ్యాహ్నం నా భుజం మీదుగా ఫోన్లోకి తొంగి చూసింది. రేవు ఎదురుగానే కనిపిస్తోంది, ఓడ ముక్కు సూటిగా దానివైపే పెట్టాను. ఓడ మాత్రం మొండికేసిన ఎద్దులా నిలబడిపోయింది.

"గా జెండ ఎటు కొట్టుకుంటుంది?" అంది. ఓడ కొయ్య కొసన ఎగిరే ఆ జెండా ఏదో అలంకారమనుకుని ఏడాదిగా నేను పట్టించుకోలేదు. చూస్తే వెనక్కి, ఓడ తోకవైపు కొట్టుకుంటోంది.

"గాలికి మొఖం వెట్టినవ్ పోరీ! వడ్లు తూర్పార పట్టేటప్పుడు గట్ల నిలవడ్తె పొల్లంత కండ్లల్లనే వడ్తది. జర పక్కకు మలుపు. గాలి ఒక చెంపకు తాకాలె. జరంత దూరం వొయ్యినంక రెండో చెంపకు మలుపు. బండి గుట్టెక్కేటప్పుడు వంకర వోదా?"

నేను కరెంటు ఫ్యాన్ పెట్టి వడ్లు తూర్పారబట్టిన తరం మనిషిని. స్విచ్చేస్తే గాలి వచ్చేది, ఎటు నుంచి వస్తుందో ఎన్నడూ అడగలేదు. ఓడను పక్కకు తిప్పాను. కదిలింది, కానీ రేవుకు దూరంగా. "అక్క తొవ్వ తప్పింది" అని ఫోన్లో ఒకటే నవ్వులు. భయపడి మళ్లీ సూటిగా తిప్పబోతే పెద్దమ్మ నా చేతి మీద ఒక్కటిచ్చింది. నాలుగు మలుపులు తిరిగేసరికి, గడువు ఇంకా ఉండగానే రేవులో ఉన్నాను. మిగతావాళ్లంతా సూటిగానే వస్తూ నడిసముద్రంలో కిందామీదా పడుతున్నారు.

కాసేపటికి నాయకుడి గొంతు లేచింది. "ఎవలు జెప్పిన్రక్కా?"

"మా పెద్దమ్మ."

నవ్వాడు. "ఎన్నేండ్లుంటయ్ ఆమెకు?"

పెద్దమ్మ ఫోన్ లాక్కుంది. "నా ఏండ్లు నీకెందుకురా? నీ ఓడ యాడున్నదో గది జెప్పు!"

నా ఓడ ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కట్టు విప్పిన వారానికే పెద్దమ్మ ఖానాపూర్ పోయింది. కొడుకులు వద్దంటున్నా పొలంలో దిగి, ఇంకో రెండు పంటలు తీసి మరీ కన్నుమూసింది. ఆమె లేదన్న సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపు కంటే ముందు కోపమే వస్తుంది. ఇప్పుడు నాకూ చెబుతున్నారు, కళ్లు పోతాయి, కుట్టుమిషన్ మానెయ్, ఆ ఆటలు మానెయ్ అని. కాలం తీసుకుపోయేది ఎలాగూ తీసుకుపోతుంది. అడిగినవాళ్లకల్లా ముందే ఇచ్చెయ్యడానికి నాకేం పట్టింది?