గృహప్రవేశానికి ఆవుగా వెళ్లిన అత్తమ్మ

మా తమ్ముడు గుండె డాక్టరు. చదువు పూర్తయిన కొత్తలో గుండెకు రక్తం తీసుకెళ్లే నాళాల మీద, వాటిలో పెట్టే స్టెంట్ల మీద పరిశోధన చేశాడు. తర్వాత కవాటాల వైపు మళ్లాడు. ఎందుకు మళ్లావురా అంటే, "నాళం పైపు లాంటిదక్కా. కవాటం తలుపు. తలుపు కాడనే కథలుంటయి" అన్నాడు. అప్పటినుంచి ఒకే ప్రశ్న వెంట తిరుగుతున్నాడు. ఛాతీ కోయకుండా, తొడ దగ్గరి నాళం గుండా కొత్త కవాటాన్ని పంపి పాతదాని చోట కూర్చోబెడితే, అది ముసలి ప్రాణాల్లో ఎన్నాళ్లు సాఫీగా పనిచేస్తుంది?

నేను బడికి వెళ్లలేదు. మఠంపల్లిలో ఉన్నప్పుడు నాన్న పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఇంట్లోనే నాకు చదువు చెప్పారు. అది చాలు, నాన్నకు రుణపడి ఉన్నాను. తమ్ముడి వ్యాసాలు నాకు అర్థం కావు గానీ, వాటి చివర రోగులకు కృతజ్ఞతలు చెప్పే మాట ఒకటి ఉంటుంది. దాన్ని మాత్రం వాడి చేత తెలుగులో చెప్పించుకుంటాను. ఆ రోగుల్లో మా అత్తమ్మ కూడా ఉంది.

మాది మిర్యాలగూడ, బియ్యం మిల్లుల వెనక వీధి. అత్తమ్మకు కవాటం బిగుసుకుపోయి, పొయ్యి దగ్గర నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయేది. ఆ వయసులో ఛాతీ తెరవడం ప్రమాదమని తమ్ముడు తన పద్ధతిలో చేస్తానన్నాడు. అబద్ధం చెప్పడం వాడికి చేతకాదు. సంతకం పెట్టించుకునే ముందు అంతా విప్పి చెప్పాడు. కొత్త కవాటాన్ని ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో కుడతారని కూడా చెప్పాడు. నేను మనసులో స్వామిని తలుచుకున్నాను. అత్తమ్మ పెన్ను పట్టుకుని తమ్ముడి వైపు చూసింది.

"ఆ ఆవు బతికే ఉన్నదా బిడ్డా?"

"లేదత్తమ్మా."

"అయితే దాని పేరు మీద రోజూ ఒక దీపం పెడత" అని సంతకం పెట్టింది.

ఇంటికి పంపేటప్పుడు తమ్ముడు ఆమెను ఒక్కటే కోరాడు. ఆయాసం వచ్చినా, కాళ్లు వాచినా దాచొద్దన్నాడు. కొత్త కవాటం మీద ఒక్కోసారి సన్నగా రక్తం గడ్డకడుతుందట. తొందరగా తెలిస్తే మందులతో కరుగుతుంది, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. అత్తమ్మ సరేనని తలూపింది.

ఇంటికి రాగానే జరిగిందంతా వాడకట్టుకు చెప్పింది. ఆ శుక్రవారమే మిల్లు యజమాని భార్య పళ్లెంలో పసుపూ కుంకుమా అరటిపళ్లూ పట్టుకుని వచ్చింది. గోమాత అంశ లోపల ఉంది కాబట్టి పాదాలకు పసుపు రాస్తానంది. అత్తమ్మ అప్పుడు చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వద్దంటే ఎదుటి మనిషి చిన్నబుచ్చుకుంటుందని కాళ్లు చాపింది. మరుసటి శుక్రవారానికి ఇంకొందరు వచ్చారు. ఆమె చుట్టూ ప్రదక్షిణ చేస్తామంటే, కుర్చీ గోడకు దగ్గరగా ఉంది, జర ముందుకు జరగనా అని అడిగింది. ఒకామె పచ్చగడ్డి కట్ట తెచ్చి, ఇవ్వాలా వద్దా అని మొహమాటపడి, గడపలో పెట్టి వెళ్లిపోయింది. అత్తమ్మ దాన్ని పక్కవీధి బర్రెకు పంపించింది.

నాకు మొదట భయం వేసింది, ఇది దైవాపచారం కాదు కదా అని. తర్వాత అనుకున్నాను, కోడలు తప్ప పలకరించే దిక్కు లేని ముసలామెకు వారం వారం ఇంటినిండా మనుషులు. ఆ ఆవుకు దండం.

ఇంతలో మిల్లు యజమాని సూర్యాపేటలో హైవే పక్కన ఒక అపార్ట్‌మెంటులో, పై అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి ఆవు ముందు నడవాలి, దంపతులు వెనక నడవాలి. ఆవును తోలుకొచ్చి చూశారు. మెట్లెక్కనని మొండికేసింది. లిఫ్టులో తల పట్టింది గానీ తోక వైపు సగం బయటే ఉండిపోయింది. పంతులుగారు కాసేపు ఆలోచించి, మీ ఎరుకలో ఒక పెద్దావిడ ఉన్నారన్నారు కదా, ఆమె ముందు నడిచినా దోషం లేదన్నారు.

యజమాని మా ఇంటికి వచ్చి, ఎట్లా అడగాలో తెలియక టీ చల్లారేదాకా కూర్చున్నాడు.

"పెద్దమ్మా, తప్పుగ అనుకోవద్దు. మా కొత్తింట్ల ముందుగాల నువ్వే కాలు పెట్టాలె. ఆవు లెక్క."

"నడిసి రావాల్నా, నాలుగు కాళ్ల మీద రావాల్నా?" అంది అత్తమ్మ.

ఆయన చెంపలు వేసుకున్నాడు. అత్తమ్మ వస్తానంది. ఆ రోజంతా బీరువాలోంచి చీరలు తీసి చూసుకుంటూనే ఉంది.

ఆదివారం ముహూర్తం. ఆదివారాలు కోదాడలో రోగులను చూసే తమ్ముడు, తన కవాటం గృహప్రవేశం చేయిస్తోందని విని నవ్వుకుంటూ వచ్చాడు. అత్తమ్మ మెడలో బంతిపూల దండ వేశారు. గంట కూడా తెచ్చారు గానీ మెడలో కట్టడానికి ఎవరికీ ధైర్యం చాలక ఆమె చేతిసంచికి కట్టారు. లిఫ్టులో పంతులుగారూ, ఆమే, నేనూ ఎక్కాం. పైన తలుపు తెరుచుకోగానే కుడికాలు పెట్టి లోపలికి నడిచింది. ఎవరో గోవిందా అన్నారు. హాలు మధ్యలో పీట వేసి కూర్చోబెట్టారు.

కాసేపటికి నా చెవిలో, బాత్రూం యాడున్నదో అడగమంది. అడిగాను. ఇంటావిడ ముఖం దీపంలా వెలిగింది. మా వైపు గృహప్రవేశంలో ఆవు ఇంట్లోనే మూత్రం పోస్తే లక్ష్మి నిలిచినట్టు. కొందరు దానికోసమే ఆవును చాలాసేపు కదలనివ్వరు. అత్తమ్మ వెళ్లొచ్చేదాకా వచ్చినవాళ్లందరూ మర్యాదగా నిశ్శబ్దంగా ఉన్నారు. కొద్దిసేపటికే మళ్లీ వెళ్లింది. యజమాని తన భార్య వంక గర్వంగా చూశాడు. ఇంకోసారి లేచేసరికి పంతులుగారు మంత్రం ఆపి, దంపతులను చూసి చిరునవ్వుతో తలూపారు.

తమ్ముడొక్కడే నవ్వలేదు. నా పక్కకు వచ్చి, "అక్కా, ఈమె నీళ్ల మాత్ర మళ్ల ఏసుకుంటున్నదా? అది ఎప్పుడో ఆపేసిన గదా" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పంపే మాత్ర అది, ఆపరేషన్‌కు ముందు వాడేది. వాడు వెళ్లి అత్తమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, చీలమండ మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీసినా గుంట అట్లాగే ఉంది. డాక్టరే పాదాలకు మొక్కుతున్నాడని వాడి వెనక జనం వరస కట్టారు. వాడు అట్లాగే వంగి ఉండి, తల ఎత్తకుండా అడిగాడు.

"ఎప్పటి సంది ఆయాసం?"

"కోతలప్పటి సంది."

"ఎందుకు సెప్పలే అత్తమ్మా?"

"నా గుండె మంచిగ లేదంటే, నన్ను ముందు నడిపించుకున్నోళ్ల ఇల్లు మంచిగ ఉండదంటరు బిడ్డా. నా మూలంగ ఒకరింటికి మాట రావద్దు. గిది అయినంక సెప్దామనుకున్న."

"ఇంటికేం గాదు. నీకే అయితది. లే, పోదాం."

కానీ పాలు పొంగకుండా ఆవు గడప దాటకూడదన్నారు పంతులుగారు. కొత్త కరెంటు పొయ్యి. ఎవరు ఏది నొక్కినా చిన్న తాళం బొమ్మ చూపించి ఊరుకుంటోంది. యజమాని నొక్కాడు, పంతులుగారు నొక్కారు. మనుషుల గుండెల్లోకి కవాటాలు పంపే మా తమ్ముడు చెమటలు తుడుచుకుంటూ నొక్కాడు. నేను కళ్లు మూసుకుని స్వామినే అడిగాను. కళ్లు తెరిచేసరికి పక్క ఫ్లాటావిడ తన గ్యాసు పొయ్యి ఎత్తుకొస్తోంది. పాలు పొంగగానే అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది తమ్ముడే.

కారులో కోదాడ చేరేదాకా దండ అత్తమ్మ మెడలోనే ఉంది. స్కానింగు గదిలో తీశాం. తమ్ముడు చాలాసేపు తెరనే చూశాడు. చివరికి తెరను ఆమె వైపు తిప్పి, కవాటం రెక్కల్లో ఒకటి కదలకుండా ఉండడం చూపించాడు. గడ్డ పలచగానే ఉందట. రక్తం పలచబడే మందుతో కరుగుతుందనే తన నమ్మకమన్నాడు.

"నీ చదువుల ఇది గూడ రాస్తవా?" అని అడిగింది అత్తమ్మ.

"రాయాలె. మంచిగైనయే రాసుకుంటే అది పరిశోధన గాదు."

"రాయి. ఆ ఇంటి సంగతి మాత్రం రాయకు."

మందు మొదలుపెట్టాక కొన్ని నెలలు మా ఇంట్లో అందరం ఆమె కాళ్లనే చూస్తూ బతికాం. గడ్డ కరిగింది, రెక్క కదిలింది. ఆ నీళ్ల మాత్రకూ, పొయ్యి తెచ్చిన ఆవిడకూ కలిపి దీపం పెట్టాను. అత్తమ్మ తనే వెళ్లి మిల్లు యజమాని భార్యకు నిజం చెప్పేసింది. ఆమె కాసేపు ఆలోచించి, ఆవుకైతే మాత్రం రోగం రాదా పెద్దమ్మా అని, పళ్లెంలో పసుపు కలిపింది.

ఆ తర్వాత తమ్ముడు ఈ కేసును పెద్ద డాక్టర్ల సభలో చెప్పాడు. ఇంత తొందరగా ఎట్లా కనిపెట్టారని ఒకాయన అడిగాడట. గృహప్రవేశంలో, అన్నాడట మా వాడు.

ఆయాసం ఉందా అని అడిగితే మన ముసలివాళ్లు లేదనే అంటారని వాడికి తెలిసొచ్చింది. అందుకని ఇప్పుడు ఫోనులో వేరే రకంగా అడుగుతాడు. ఒకరిని పొలం గట్టు దాకా నడిచారా అని, ఇంకొకరిని చర్చిలో పాట చివరిదాకా నిలబడి పాడారా అని. మొన్న అత్తమ్మకు చేశాడు.

"ఈ నెల ఎవరింటికన్న ఆవుగ పోయినవా అత్తమ్మా?"

"ఒక్క ఇంటికి పోయిన. మూడంతస్తులు, లిఫ్టు లేదు."

"నడుమల ఆగినవా?"

అత్తమ్మ నా వైపు చూసింది.

"ఆగిన బిడ్డా. నిజమే సెప్తున్న. నాకు గాదు, ముందుపోయే పంతులుకు ఆయాసమొచ్చింది. వచ్చే ఆదివారం ఆయన్ని గూడ పట్టుకరానా?"