అట్టముక్క మీద పాట

మే నెల ఎండలో ఖరగ్‌పూర్‌లో హౌరా లోకల్ ఎక్కి కూర్చోగానే సంచిలోంచి అట్టముక్క తీశాను. దాని మీద కంప్యూటర్ కీబోర్డు గీసుకున్నాను. తొంభైల్లో మా ఆఫీసు మొత్తానికీ ఒక్కటే కంప్యూటర్, నా వంతు వచ్చేదే తక్కువ. ఆ రోజు స్ప్రెడ్‌షీట్ సర్టిఫికెట్ పరీక్ష. పాసైతే లెక్కల విభాగంలో సీటు, లేకపోతే మళ్ళీ పాత ఫైళ్ళ గదే.

కళ్ళు మూసుకుని అట్ట మీద వేళ్ళు ఆడిస్తుంటే, ఎదురు సీటు పెద్దావిడ ముందుకు వంగింది.

"ఏటమ్మా, ఏ పాట వాయిస్తన్నావు? ఖరగ్‌పూర్ ట్రాఫిక్ పేటలో మా సర్చిలో హార్మోనియం వాయించేది నానే. అయినా పోల్చుకోలేకపోతన్నాను."

"పాట కాదండీ, కంప్యూటర్ పరీక్ష. భయానికి వేళ్ళు బిగుసుకుపోతున్నాయి."

"అయితే ఏటి? నాను పాడతాను, నువ్వు వాయించు," అంటూ క్రిస్మస్ పాట అందుకుంది. పక్కనున్న బెంగాలీ దాదా కిటికీ చట్రం మీద వేళ్ళతో తాళం వేశాడు. నవ్వుతూనే వాయించాను. వేళ్ళు వాటంతటవే కదిలాయి.

పరీక్ష హాల్లో పర్యవేక్షకుడు నా బల్ల దగ్గర ఆగి, "దీదీ, కాస్త పాట ఆపుతారా?" అన్నాడు.

తర్వాత లెక్కల విభాగంలోనూ కీబోర్డు మీద వేళ్ళు పెడితే చాలు, అదే పాట నోట్లోకి వచ్చేది. నా పక్క సీటాయన కూడా ఏటేటా అడిగేవాడు: "పాడితే పాడారు, మే నెలలో క్రిస్మస్ పాటేమిటండీ?"