దూది తగిలినప్పుడు చెప్పు

మా తమ్ముడి చెంప మీది మచ్చను నేను మొదటిసారి చూసింది ఫోన్‌లో. అప్పటికి అది ఎన్నాళ్ళ నుంచి ఉందో ఇప్పటికీ నాకు తెలియదు. వాడు దుబాయ్‌లో భవనాల పని చేస్తాడు. వారం సెలవు శుక్రవారానికి పెట్టించుకుని, ఆ రోజు ఇంటికి వీడియో కాల్ చేస్తాడు. కానీ వాడి ఫోన్ మనిషి మొహాన్ని తెల్లగా, నున్నగా చేసి చూపించే రకం. కోరుట్ల నుంచి పోయినవాళ్ళు చాలామంది ఫోన్‌ను అలాగే పెట్టుకుంటారు, ఎండకు కమిలిన మొహం చూసి ఇంట్లో వాళ్ళు బెంగపడకుండా. నేనూ పెళ్ళికొడుకులా ఉన్నాడని మురిసిపోయాను, నా పిచ్చి గానీ.

నేను కోరుట్ల దగ్గర సర్కారు దవాఖానలో నర్సును. మచ్చలు చూడటమే నా పని. తామర, గజ్జి, మెడ కింద గడ్డలు, ఏది వచ్చినా ముందు నా దగ్గరికే వస్తుంది. నాకు ఓపిక తక్కువ. ఎవరైనా సిగ్గుపడి కొంగు సర్దుకుంటే, "సూపియ్యనీకె వచ్చినవా, దాసిపెట్టనీకె వచ్చినవా?" అని కసురుకుంటాను. మనిషిని వెలుతురులోకి తిప్పాలి. తల దగ్గర మొదలుపెట్టి, మొహం, చెవి తమ్మెలు చూసి, మెడ తడమాలి. చూస్తే అనుమానం వస్తుంది, ముట్టుకుంటేనే తేలుతుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం వాడు తన గదిలో ఉండే మనిషి ఫోన్ నుంచి చేశాడు. ఆ ఫోన్‌కు సోకులేవీ లేవు. అప్పుడే గడ్డం గీసుకుని వచ్చినట్టున్నాడు. ఎడమ చెంప మీద, చెవి ముందు, రాగిరంగు మచ్చ. అంచు కాస్త లేచి ఉంది. దాని మధ్యలో బ్లేడు గాటు పడి నెత్తురు దవడ దాకా కారింది.

"తమ్మి, కోసుకున్నవ్ గదరా."

"ఏడ?" అని చెంపంతా తడుముకుని వేలు చూసుకున్నాడు. "అవ్, నెత్తురే. నాకు తెల్వనే లేదక్క."

మొహం కుడిపక్కకు తిప్పమన్నాను. ఇంకా తిప్పమన్నాను. ఎడమ చెవి కింద, మెడకు అడ్డంగా, సన్నటి తాడులా ఒక నరం ఉబ్బి ఉంది. పట్టి చూద్దామని నా వేళ్ళు తెలియకుండానే ఫోన్ మీదికి పోయాయి. బొమ్మ పెద్దదయింది, అంతే.

"ఎండకయింది అక్క. ఈడ అందరికి అయితది."

"నీ మొఖం. దవాఖానకు పో."

"పోతే కంపెనీల తెలుస్తది. గసుంటి బీమారి అంటే సామాన్ సదురుకోమంటరు. జర ఊకో. నీ మరదలుకైతే చెప్పకు."

మరదలు తంగళ్ళపల్లిలో వాళ్ళ అమ్మగారింట్లో ఉంది. మర్నాడు తనే ఫోన్ చేసి, "వదినె, ఆయన గడ్డం తీసినంక మస్తు మంచిగున్నడు గదా" అంది. వాడు ఆమెతో మాట్లాడింది నున్నగా చూపించే తన ఫోన్‌లో కాబోలు. మంచిగున్నడు అన్నాను.

ఆ కాల్‌లో తీసిపెట్టుకున్న బొమ్మ పట్టుకుని జగిత్యాల పోయి చర్మం డాక్టర్‌కు చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "మీ అనుమానం కుష్ఠు గురించే గదా? నాదీ అదే. కానీ స్పర్శ చూడకుండా, నరం పట్టి చూడకుండా ఏం రాసియ్యమంటరమ్మా? పిలిపియ్యండి. మందుకు తగ్గే జబ్బే. ఆలస్యమైతే నరం చచ్చిపోతది, దాన్ని మాత్రం మనం తేలేం."

ఆ మందు మా దవాఖాన బీరువాలోనే ఉంటుంది. తాళంచెవి నా నడుముకే ఉంటుంది. ఊళ్ళో ఎవరు దుబాయ్ పోతున్నా వాళ్ళ సంచిలో వాడికి సకినాలు పెడతాం, మామిడికాయ తొక్కు పెడతాం. ఈ మందు ఎలా పెట్టను? ఎవరూ ముట్టి చూడని మనిషికి ఏ లెక్కన ఇవ్వను? బీరువా తీసినప్పుడల్లా ఏడుపొచ్చేది. ఆ కోపం వచ్చినవాళ్ళ మీద చూపించేదాన్ని.

చివరికి వాడితో పందెం వేసుకున్నాను. దూదితో పరీక్ష చేద్దాం. మచ్చ మీద దూది తగిలినట్టు తెలిస్తే నేనిక నోరెత్తను. తెలియకపోతే టికెట్ తీసుకుని ఇంటికి రావాలి. వాడు నవ్వి సరే అన్నాడు. ఫోన్ ఇచ్చిందీ, దూది పట్టిందీ వాడి గదిలోని మనిషే. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసి దుబాయ్ పోయినవాడు, దూదిని చిటికెలో వత్తిలా పేనాడు.

"కండ్లు మూసుకో. దూది తగిలినప్పుడు చెప్పు" అన్నాను.

కుడి చెంప మీద తగలగానే "ఆ" అన్నాడు. నుదురు మీదా అన్నాడు. ఇక ఎడమవైపు పెట్టమన్నాను. అప్పుడు కనిపించింది, వాడి ఎడమ కన్ను సందులోంచి తెల్లగా. చిన్నప్పుడు దాగుడుమూతలాడితే వేళ్ళ సందుల్లోంచి చూసేది వీడే. నాకు ఒళ్ళు మండింది.

"దొంగచూపులు సూడకురా. కండ్లు మంచిగ మూసుకో."

"మూసుకున్ననే అక్క."

"నాకు కనవడతలేదా? ఎడమ కన్ను మూయి."

వాడు బలంగా మూశాడు. కుడి కన్ను చుట్టూ చర్మమంతా ముడతలు పడింది. ఎడమ రెప్ప అక్కడే ఆగిపోయింది. దాని కింద తెల్లగుడ్డు అలాగే కనిపిస్తోంది.

గదిలోని మనిషి వంగి చూసి, "మూసుకున్నడక్క. గీ కన్ను గట్లనే ఉంటది గీ నడుమ" అన్నాడు. "పండుకున్నప్పుడు గూడ గింత తెరిసే ఉంటది. మేం నవ్వుతం."

రెప్పను మూసే నరం ఆ మచ్చ కిందనుంచే పోతుంది.

"ఏందక్క, సప్పుడు జేస్తలేవు?" అన్నాడు మా తమ్ముడు, మొహం బుద్ధిగా ముందుకు పెట్టి. "నేనేం సూస్తలేను. ఇగ పెట్టమను దూది."

దూది అప్పటికే మచ్చ మీద ఉంది.