దేవన్న మూడు థర్మామీటర్లు

దేవుడే ఎదుట నిలబడి "నాయనా, నేనొక్కణ్ణే" అని సెలవిచ్చినా, "ఎవలు లెక్కవెట్టిండ్రు సామీ?" అని అడిగే రకం దేవన్న. ఇంకొకరు చెప్పిన అంకెను ఛస్తే నమ్మడు. తాను తూచాలి, తాను కొలవాలి, తాను లెక్కపెట్టాలి. అప్పటిదాకా ఆ అంకె భూమ్మీద పుట్టనట్టే.

సొంతూరు జగిత్యాల పక్కన. బహ్రెయిన్‌కు వచ్చి సల్మాబాద్‌లో సిమెంటు దిమ్మెలు పోసే యార్డులో మేస్త్రీ. వయసెంత అని అడిగితే, "పాస్‌పోర్టుల యాభై నాలుగు అని రాసిండ్రు. రాసినోడు నేను పుట్టిననాడు ఆడ ఉన్నడా?" అంటాడు. ఒకసారి జ్వరమొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తే నర్సమ్మ నూట ఒకటి అంది. ఈయన గజగజ వణుకుతూనే జేబులోంచి సొంత థర్మామీటరు తీసి నాలుక కింద పెట్టుకున్నాడు.  అదీ నూట ఒకటే చూపించాక, "ఆఁ, ఇగ జరమే" అని ఒప్పుకుని అప్పుడు పడుకున్నాడు.

జిదాఫ్స్ బజారులో చేపలు కొన్నా అంతే. సంచిలోంచి కొక్కెం కాటా తీసి మళ్లీ తూస్తాడు. తక్కువొస్తే అక్కడే పంచాయతీ. ఒకరోజు ఎక్కువొచ్చింది. ఈయన ఒక చిన్న చేపను తోక పట్టి తీసి, తిరిగి గంపలో వేశాడు.

"ఏం భాయ్, చేప బాగాలేదా?" అన్నాడు అమ్మేవాడు, హిందీలో.

"మస్తుగున్నది. కానీ నాది గాదు."

ఆ అమ్మేవాడు ఈనాటికీ ఆ సంగతి చెప్పుకుంటూనే ఉన్నాడట.

మొగుడు మణికుమార్ చెప్పే ఈ కథలు విని సత్యశ్రీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. మణికుమార్ ఆ యార్డులోనే స్టోరు చూస్తాడు. ఒక శుక్రవారం దేవన్నను భోజనానికి పిలుచుకొచ్చాడు. "పది నిమిషాల్లో వడ్డించేస్తాను బాబాయ్ గారూ" అంది సత్యశ్రీ. ఆకు ముందు కూర్చోబెట్టేసరికి ఆయన గడియారం చూసుకుని, "పదిహేడయినయ్ బిడ్డా. ఏం గాదు, పులుసు వాసన మంచిగొస్తుంది" అన్నాడు.

సత్యశ్రీది కాకినాడ. పెళ్లయి జిదాఫ్స్‌లో కాపురం పెట్టినా ఎమ్మెస్సీ వదల్లేదు. ఎండలో పనిచేసేవాళ్ల ఒంటికి ఎంత వేడి తగులుతుందో తేల్చే పరిశోధన ఒక్కటే మిగిలింది. పెళ్లి, వీసా హడావిడిలో ఒక గడువు ఎగిరిపోయింది. ఈసారి మూడు వారాల్లో ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు. రెండేళ్ల చదువు గోదాట్లో కలిసినట్టే.

అందరికీ తెరిచి పెట్టిన వేడి లెక్కలు ఇంటర్నెట్‌లో కుప్పలు కదా, దించుకోవడమేగా పని అనుకుంది పాపం. మొదట దొరికినదాంట్లో జూలై నెలంతా ఒకటే అంకె, చుక్క తేడా లేకుండా. రెండోది ఎనిమిదేళ్ల కిందటే ఆగిపోయింది. మూడోది తెరిస్తే జనవరిలో అరవై ఒక్క డిగ్రీలు!  జనవరిలో అరవై ఒకటైతే బహ్రెయిన్‌లో మనుషులు మిగిలేవాళ్లా? నమ్మదగ్గది ఒక్కటే దొరికింది, విమానాశ్రయం దగ్గర కొలిచింది. అది సముద్రపు ఒడ్డు. సల్మాబాద్ యార్డులో వేడి దానికేం తెలుస్తుంది?

కాకినాడ నుంచి గైడు శిరీష మేడమ్ ఫోన్లో ఒకటే పాట. "ఎవరు కొలిచారు? దేంతో కొలిచారు? ఎక్కడ కొలిచారు? ఈ మూడూ లేకుండా నాకు ఫోన్ చెయ్యకు సత్యశ్రీ."

పక్కన కూర్చున్న మణికుమార్ చెవులు రిక్కించాడు. "మీ మేడమ్ మా దేవన్నకి చుట్టమా ఏంటే? అచ్చం అలాగే అడుగుతుంది. అన్నట్టు, యార్డులో ఎండ లెక్క పదకొండేళ్ల నుంచి ఆయనే రాస్తున్నాడు కదా!"

"పదకొండేళ్లా! ఇన్నాళ్లూ చెప్పరేం?"

"నువ్వు ఇంటర్నెట్‌లో వెతుకుతున్నావని ఊరుకున్నాను."

మర్నాడే వెళ్లింది. స్టోరు గోడకు నీడపట్టున మూడు థర్మామీటర్లు వేలాడుతున్నాయి. "మూడెందుకు బాబాయ్ గారూ?"

"ఒకటుంటే అబద్ధమాడుతది. రెండుంటే కొట్లాడుకుంటయ్. మూడోది పంచాయతీ చేస్తది" అన్నాడు దేవన్న. రోజూ ఆరింటికి, పదింటికి, మూడింటికి చూసి గేటు పక్క బోర్డు మీదా, నోటుబుక్కులోనూ రాస్తాడు. అలాంటి బుక్కులు పదకొండు! ఒక్క రోజు ఖాళీ లేదు. సెలవు మీద ఊరెళ్లినప్పుడు కూడా యార్డులోనే పనిచేసే కోనసీమ లోవరాజుకు నెల రోజులు పరీక్ష పెట్టి మరీ అప్పగించి వెళ్లాడు. సంతోషంతో సత్యశ్రీకి కళ్లనీళ్లొకటే తక్కువ.

మేడమ్ మాత్రం కరగలేదు. "ముందు పక్కన నిలబడి చూడు. కొలిచే మనిషిని చూడకుండా అంకెను నమ్మొద్దు."

సరేనని ఆగస్టు ఎండలో పదింటికి పక్కనే నిలబడింది. మొదటి థర్మామీటరు ముప్పై ఎనిమిది. రెండోదీ ముప్పై ఎనిమిది. మూడోదీ ముప్పై ఎనిమిదే. పంచాయతీ కూడా లేదు. దేవన్న మూడింటినీ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు, తల ఊపాడు, బోర్డు దగ్గరికి నడిచి చక్కగా "40" అని రాశాడు.

సత్యశ్రీకి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "బాబాయ్ గారూ! ముప్పై ఎనిమిది కదండీ!"

"మెల్లగ, మెల్లగ! ముఖేష్ ఇంటడు!"

ముఖేష్ అక్కడి ఫోర్‌మన్, అతనిదీ తెలంగాణే. పన్నెండు నుంచి ఎండాకాలం పని ఎలాగూ బంద్. అంతకు ముందు మాత్రం, పది గంటల బోర్డు మీద నలభై ఉంటేనే గంటకు పావుగంట నీడలో కూర్చోనిచ్చి నీళ్లు తాగిస్తాడు. ముప్పై తొమ్మిదంటే లేదు. పదకొండేళ్ల కింద ముప్పై ఎనిమిదిలోనే స్వామి అనే కుర్రాడు కళ్లు తిరిగి దిమ్మెల మీద పడ్డాడు.

"బతికిండు తియ్యి, ఇప్పుడు ఊళ్లె ట్రాక్టర్ నడుపుతుండు" అన్నాడు దేవన్న. "ఆనాటిసంది బోర్డు నేనే రాస్త అన్న. ఇంకోడు రాస్తే ముఖేష్ పోయి చూస్తుండె. నేను రాస్తే చూడడు. ఎవల్నీ నమ్మనోడు రాసిండంటే నిజమే ఉంటదని వాని నమ్మకం."

ఔరా! అందరూ నవ్వుకునే పిచ్చిని ఈయన ఇలా వాడుకున్నాడా! సత్యశ్రీకి ఏడుపొచ్చింది.  "నోటుబుక్కుల్లో కూడా ఇంతేనా?"

"బోర్డొకటి, బుక్కొకటి ఉంటే దొరికిపోమా బిడ్డా?"

అయిపోయింది. జనవరిలో అరవై ఒకటికీ దీనికీ ఇక తేడా ఏముంది? ఆమె అక్కడే పీపా మీద కూలబడింది. దేవన్న కంగారుపడి తన సీసాలో నీళ్లిచ్చాడు.

"ఎందుకేడుస్తున్నవ్? కలిపింది రెండే. ఎప్పటికీ రెండే. మే సంది సెప్టెంబరు దాంక, పది గంటలది ఒక్కటే. మిగిలినయన్నీ ఉన్నదున్నట్టు. లోవరాజుకు గూడ గట్లనే నేర్పిన."

"మూడు ఎప్పుడూ కలపలేదా?"

"ఛీ! మూడు కలిపితే అబద్ధం గాదా?"

సత్యశ్రీ ఏడుస్తూనే నవ్వింది. ఎప్పుడూ రెండే అయితే, తీసేసేదీ రెండే! బుక్కులతో ఇంటికి పరుగెత్తి రెండు తీసేసి చూసింది. పది గంటల లెక్కలు మిగతావాటితో అన్నదమ్ముల్లా కుదిరాయి. మరో వారం పక్కన నిలబడి సరిచూసింది. మేడమ్‌కు జరిగిందంతా దాచకుండా చెప్పింది.  "దోషానికి కారణం అనే గడిలో ఏం రాశావ్?" అంది మేడమ్.

"కొలిచినవాడు మంచివాడు అని రాశాను మేడమ్."

"ఉంచు" అంది శిరీష మేడమ్. పరిశోధన గడువులోపలే చేరింది. దేవన్న అనుమతితో ఆ లెక్కలు ఇప్పుడు ఎవరైనా దించుకోవచ్చు.

ఫలితం చెప్పడానికి శుక్రవారం మధ్యాహ్నం మొగుడితో కలిసి క్యాంపు మెస్సుకు వెళ్లింది. అందరూ అన్నాలు తింటున్నారు. దేవన్న పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "బాబాయ్ గారూ, గాలిలో తేమ కూడా లెక్కేస్తే, ముప్పై ఎనిమిది రోజున ఒంటికి తగిలేది నలభై తొమ్మిదండీ."

ముద్ద దేవన్న చేతిలోనే ఆగిపోయింది. "నలభై తొమ్మిదా? అంటే... నేను తక్కువ రాసిన్నా?"

"తొమ్మిది తక్కువండీ."

మనిషి మొహం పాలిపోయింది. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు. "అన్నలారా, తమ్ములారా, తప్పయింది! పదకొండేండ్లసంది మీ కోసం రెండు డిగ్రీలు దొంగగ కలిపి రాసిన. పదకొండు కలుపాల్సింది! మీకు అన్యాయం జేసిన!"

 లోవరాజు తల పట్టుకున్నాడు. "ఆయ్, బాబాయ్ గారూ, కూర్చోండి! మీ వెనకాలే ముఖేష్ గారున్నారండీ బాబూ!"

దేవన్న వెనక్కి తిరిగాడు. ముఖేష్ పళ్లెంతో సహా అక్కడే కూర్చుని ఉన్నాడు. సత్యశ్రీ దిగ్గున లేచింది. ఈ పెద్దాయన ఉద్యోగాన్ని తన చదువు మింగేసిందే!

ముఖేష్ నెమ్మదిగా చెయ్యి కడుక్కున్నాడు. దేవన్నను కిందినుంచి పైదాకా చూశాడు.

"నా బండిల గూడ మీటరుంటది దేవన్నా" అన్నాడు. "పదకొండేండ్లసంది నువ్వు నలభై రాసిననాడల్లా అది ముప్పై ఎనిమిదే చూపిస్తది. ఆఫీసోళ్లు అడిగితే, మా దేవన్న ఎవల్నీ నమ్మడు, గాయిన రాసిండు అని చెప్పి నీ బోర్డు ఫొటో పంపుతున్న." సత్యశ్రీ వైపు తిరిగాడు. "బిడ్డా, గా కాగితం నాకొకటియ్యి. రేపటిసంది నలభై తొమ్మిది రాపిస్త."

 దేవన్న కూర్చుని, ఆగిపోయిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.