డాక్టరమ్మ చెప్పింది, నేను చెప్పనిది

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరూ ఎగతాళి చేస్తారు. నిజమే. పక్కింట్లో ఏం వండారో కూడా నా దగ్గర దాగదు. కానీ ఒక్క మాట మాత్రం ఏళ్ల తరబడి నాలోనే ఉండిపోయింది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. అన్నం తింటున్నా, జడ వేసుకుంటున్నా, నలుగురితో నవ్వుతున్నా దాని బరువు తెలుస్తూనే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పుకుంటున్నాను.

మాది కర్ణాటకలో పావగడ తాలూకా, తిరుమణికి దగ్గర ఒక ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, అట్లా పెరిగినవాళ్లం. వేరుశనగ వేసే మా చేలను సోలార్ వాళ్లకు గుత్తకిచ్చాక, ఆ చేలలోనే సోలార్ పలకల వరసల మధ్య గడ్డి కోసే పనికి నేనూ, నా తోడికోడలు వేణీ పోయేవాళ్లం. వేణి నా మరిది భార్య. ఆంధ్రా వైపు పిల్ల. వచ్చేనాటికి కన్నడం ఒక్క ముక్క రాదు. నాకేమో తెలుగు మాట్లాడటమే గానీ రాయడం రాదు. మధ్యాహ్నం పలకల నీడలో సంగటి తిన్నాక ఆమె మట్టిలో పుల్లతో గీసి నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది. బదులుగా నేను కన్నడం నేర్పుతానన్నాను. రేపు, ఎల్లుండి అంటూ గడిపేశాను. మీరిప్పుడు చదువుతున్నది ఆమె పెట్టిన చదువే.

పెళ్లయిన కొన్నాళ్లకు వేణి మారిపోయింది. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉండేది. దువ్వెన నిండా వెంట్రుకలు. మండుటెండలో మేమంతా చెమటలు కక్కుతుంటే ఆమె కొంగు భుజాల చుట్టూ కప్పుకునేది. గొంతు బొంగురుపోయింది. గడ్డి కోస్తూ కోస్తూ కూర్చున్నచోటే కునికేది. మా అత్త ఆమెకు సోంబేరి అని పేరు పెట్టింది. ఊళ్లో వాళ్లు ఇంకొంచెం దయగా, మన నీళ్లు ఆ పిల్లకు పడలేదన్నారు. మా వైపు అంతే. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉందని మా పళ్లు చూస్తేనే తెలుస్తుంది. దాంతో కీళ్లు పట్టేసినా, ఒళ్లు నొప్పులైనా, అలుపైనా, అన్నీ ఆ నీళ్ల మీదికి తోసేసి ఊరుకోవడం అలవాటైపోయింది. నా మరిది ఫిల్టరు నీళ్ల క్యాన్లు మోసుకొచ్చి పోశాడు. ఆ నీళ్లు తాగినా ఆమె అలాగే ఉంది.

చివరికి అతనే నన్ను తోడిచ్చి వేణిని పావగడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆమెకు తెలుగు రాదు. ఆమె కన్నడంలో అడిగింది నేను తెలుగులో వేణికి చెప్పాలి, వేణి చెప్పింది కన్నడంలో ఆమెకు చెప్పాలి. డాక్టరమ్మ వేణి గొంతు మీద వేళ్లు పెట్టి గుటక వేయమంది. తర్వాత నా వైపు తిరిగి, చిన్నపిల్లకు చెప్పినట్టు విడమరిచి చెప్పింది. థైరాయిడ్ సరిగా పనిచేయడం లేదేమోనని అనుమానంగా ఉంది. రక్తపరీక్ష ఈరోజే చేయించండి. అదే అయితే రోజూ పొద్దున పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకోవాలి, మెల్లగా మనిషి మామూలవుతుంది. అశ్రద్ధ చేయకండి, కడుపు పండితే మరీ జాగ్రత్త. ఇదంతా చెప్పి వేణి చెంప మీద చెయ్యి వేసి, పాపం, ఎన్నాళ్లుగా పడుతోందో, ఇంట్లో ఒక్కరూ కనిపెట్టలేదా అంది.

నాకు ఒళ్లు మండింది. ఎందుకు మండింది? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ ప్రశ్న. నా రెండో కాన్పు తర్వాత నెలల తరబడి నడుము లేవక, లోపలి నొప్పికి పళ్లు బిగబట్టుకుని ఎండలో కాయలు కోసిన రోజుల్లో, మేమంతా కనలేదా అన్న అత్త మాట తప్ప నాకు దక్కింది ఏమీ లేదు. నా చెంప మీద ఎవరూ చెయ్యి వేయలేదు. పాపం అనలేదు. పైగా వేణి వచ్చాక ఇంట్లో నాకు మంచిపేరొచ్చింది. ఆమె సోంబేరి అయ్యేకొద్దీ నేను పనిమంతురాలినయ్యాను. ఆమెది జబ్బని తేలితే నా గొప్ప ఏం కావాలి?

వేణి నా ముఖంలోకే చూస్తోంది. మా నీళ్లు నీకు పడలేదంట, ఇంకేమీ లేదంట, బాగా తినమంది అని చెప్పాను. డాక్టరమ్మతో మాత్రం బస్సుకు టైమైంది, వచ్చే వారం వచ్చి రక్తం ఇస్తామన్నాను. ఏమీ లేదన్నందుకు వేణి ముఖం వెలిగింది. బస్సులో నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది. ఆ తలను నేను తోసేయలేదు. కొంగు కప్పాను కూడా. ఎట్లా కప్పగలిగానో!

తర్వాత నాకు నేను చాలా చెప్పుకున్నాను. రోజూ మాత్ర మింగే కోడలంటే అత్త సాధించి పుట్టింటికి పంపేస్తుందని, నేను ఆమెను కాపాడానని. వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాను. వచ్చే వారం పండగొచ్చింది. ఆ తర్వాతి వారం ఏమీ రాలేదు, అయినా చెప్పలేదు.

మరుసటి ఏడు వేణికి నెల తప్పింది. నాలుగో నెలలో కడుపు పోయింది. సోలార్ పలకల వేడికే అని అత్త తేల్చేసింది. నేనే ఆమెకు వేణ్నీళ్లు పోశాను, నేనే తల తుడిచాను. ఆమె ఏడుస్తూ నన్నే పట్టుకుంది. అప్పుడు కూడా చెప్పలేదు. అది ఈ జబ్బు వల్లేనా? చాలా కాలం తర్వాత ఒంటరిగా పోయి, ఎవరికో అయినట్టు ఒక డాక్టరును అడిగాను. కావచ్చు, కాకపోవచ్చు, చెప్పలేం అన్నాడు. కాదని ఉంటే బాగుండు. అవునని ఉన్నా ఏడ్చి ఊరుకునేదాన్ని.

ఆ తర్వాత వేణి తల్లి వచ్చి కూతుర్ని చూసి హిందూపురం తీసుకుపోయింది. అక్కడ రక్తం తీశారు. థైరాయిడ్ అన్నారు. మాత్ర మొదలుపెట్టారు, మళ్లీ పరీక్ష చేసి మోతాదు పెంచారు. కొన్ని నెలలకు తిరిగొచ్చినప్పుడు ఆ గొంతు విని నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. పెళ్లినాటి గొంతు. ఆ సాయంత్రం పొయ్యి దగ్గర అడిగింది.

"ఆ పొద్దు పావగడలో డాక్టరమ్మ దీని గురించి ఏమీ చెప్పలేదా అక్కా?"

"చెప్పిండాదేమో వేణీ. గబగబా ఇంగ్లీషు కలిపి మాట్లాడింది. నాకు సరిగా అర్థం కాల్యా."

"పోనీలే అక్కా. నువ్వు మాత్రం ఏం జేస్తావు. నువ్వు తోడు రాకుంటే నేను ఆడికి పోయేదాన్నే కాదు."

నన్నే ఓదార్చింది. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. ఆ ఓదార్పే నన్ను తింటోంది.

ఇప్పుడు వేణికి ఒక కూతురు. నన్ను పెద్దమ్మా అంటూ కొంగు పట్టుకుని తిరుగుతుంది. పొద్దున లేవగానే వేణికి మాత్రా, మంచినీళ్లూ నేనే ఇస్తాను. మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగకూడదు కాబట్టి, ఆమె ఒక్కతే చూస్తూ కూర్చోవడం ఇష్టంలేక ఇంట్లో ఎవరికీ ముందు కాఫీ పెట్టను. అత్త గొణుగుతుంది. మా అక్కలాగా నన్ను చూసుకునేవాళ్లు లేరని వేణి ఊరంతా చెబుతుంది. నాకు ఆమె మీద ప్రేమ లేదా? ఉంది. నా కడుపున పుట్టినవాళ్ల మీద ఉన్నంత ఉంది. అది నిజం ప్రేమో, తప్పుకు కట్టే వడ్డీయో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేను.

మొన్న మా వీధిలోకి ఆంధ్రా నుంచి కొత్తకోడలొచ్చింది. ఆ పిల్లకూ ఏదో అలుపు. కన్నడం రాదు. మా అక్కను తోడు తీసుకుపో, ఒక్క ముక్క వదలకుండా చెబుతుంది అని వేణే ఆ పిల్లను నా దగ్గరికి పంపింది. పోయాను. డాక్టరు అన్న ప్రతి మాటా చెప్పాను. భయపెట్టే మాటలూ చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుని మరీ చెప్పాను. ఎంత తేలిక! నోరు తెరిస్తే చాలు, అయిపోతుంది. ఆ రోజు కూడా ఇంతే తేలికగా ఉండింది. అది తెలిసినప్పటి నుంచి నిద్ర పట్టలేదు.

వేణికి ఎప్పటికైనా చెబుతానా? తెలియదు. చెబితే ఆ పాప నా కొంగు వదిలేస్తుందని భయం. ఆమె క్షమించాలని అడగడం లేదు, మిమ్మల్నీ అడగడం లేదు. ఆమెతో అనాల్సిన మాటను ఒక్కసారైనా బయటికి అనాలి. అది అంటే ఊపిరి కాస్త ఆడుతుంది, అంతే.

వేణీ, ఆ పొద్దు డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమయింది. అంతా అర్థమయింది.