దిద్దిన అర్జీ

హెడ్ క్లర్కును ఆఫీసంతా చాటుగా ఎర్రసిరా అంటుంది. ఇంగ్లీషు ఉత్తరం చేతికొస్తే ఆయన విషయం చూడడు. క్రియ వెంట సరైన ప్రిపోజిషన్ పడిందా లేదా అన్నదే చూస్తాడు. తండ్రి ఆస్పత్రిలో ఉన్నాడని రాసిన సెలవు చీటీనైనా సరే, మొహాన విసిరి, "అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?" అంటాడు.

విసిగిన గుమాస్తాలు ఆయన్ని బదిలీ చేయమని పైవాళ్లకు అర్జీ రాశారు. ఏ కాగితమైనా ఆయన సంతకంతోనే పైకి పోవాలి గనక అదీ ఆయన బల్లమీదికే చేరింది. ఆయన కళ్లజోడు జార్చుకుని, పెదవులు కదుపుతూ చదివి, ఎర్రగా దిద్ది వెనక్కి విసిరాడు. "నామీద ఏడవడం కూడా సరిగా చేతకాదా మీకు? మళ్లీ టైపు చేసి పట్రండి, పంపిస్తా." అన్నట్టే పంపాడు. నెల తిరక్కుండా బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఆయన అలవాటుగా కలం మూత తీశాడు. "తప్పులేమన్నా ఉన్నాయా సార్?" అని టైపిస్టు మెత్తగా అడిగింది. అర్జీలో తాను దిద్దిన వాక్యాలనే పైవాళ్లు ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. ఆయన కలానికి మూత పెట్టేశాడు.