రోజారమణి కొత్త ఫోను

రోజారమణి జగ్గయ్యపేటలో పెళ్లికూతుళ్లని ముస్తాబు చేస్తుంది. ఇంటి ముందుగదే ఆమె పార్లర్. ఒకరోజు సాయంత్రం కూతురు క్రిస్టీ కొత్త ఫోను విడుదల కార్యక్రమాన్ని లైవ్‌లో చూస్తూ, "మమ్మీ, కెమెరా చూడు!" అని కేకేసింది. గరిట చేత్తో పట్టుకునే వచ్చింది రోజారమణి. తెర మీద ఆ ఫోనుతో తీసిన ఎవరో అమ్మాయి ఫొటో. చెవి కమ్మలో రాయి మెరుస్తోంది, దాని పక్కన ఒక్కో వెంట్రుకా విడిగా కనపడుతోంది. రోజారమణి అలాగే నిలబడిపోయింది. లోపల పప్పు అడుగంటింది.

ఆమెకి ఫోనే షాపు బోర్డు. ముస్తాబయ్యాక పెళ్లికూతురిని ఫొటో తీసి స్టేటస్ పెడుతుంది. అవి చూసే చిల్లకల్లు నుంచీ, వత్సవాయి నుంచీ పిలుస్తారు. పాత ఫోను కాస్త వాడగానే వేడెక్కిపోతోంది. అయితే అందులో మొహాలు వెన్న రాసినంత నున్నగా వస్తాయి. "నీ ఫోన్లోనే తియ్యి అక్కా" అని పెళ్లికూతుళ్లే అడుగుతారు.

భర్త మోజెస్ సిమెంటు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాడు. అన్నం దగ్గర కొత్త ఫోను మాట కదిపింది.

"మోగుతోంది, మాట వినపడుతోంది. ఇంకేం కావాలి రోజా?"

"మీకు వినపడితే చాలు. నాకు కనపడాలి."

పక్కింటి పుష్పవతిని అడిగితే, "ఆగవే, దీని తర్వాత ఇంకోటి వస్తుంది, అది కొందువుగాని" అంది. ఆ లెక్కన ఎప్పటికీ కొనక్కర్లేదు. పొద్దున లేస్తూ కొందామనుకునేది, మధ్యాహ్నానికి వద్దనుకునేది. ఈలోగా ఫోను అమ్మకానికి కూడా వచ్చేసింది.

ఆ వారమే నందిగామలో లహరి పెళ్లి. జగన్నాథరావుగారి అమ్మాయి. పగటి ముహూర్తం కావడంతో రోజారమణి తెల్లారకముందే బస్సెక్కింది. ఫంక్షన్ హాల్లో జడ వేసి, చీర కట్టి, ముస్తాబు పూర్తి చేసి, అలవాటుగా తన ఫోన్లో ఫొటో తీసింది. బాగుంది. ఎప్పట్లాగే బాగుంది.

అప్పుడు లహరి అన్న కల్యాణ్ వచ్చాడు. హైదరాబాదులో ఉద్యోగం. చేతిలో అదే కొత్త ఫోను!

"ఆంటీ, జరగండి, దీంతో ఒకటి తీస్తా."

తీసి చూపించాడు. రోజారమణి ముందు సంబరంగా వంగి చూసింది. తర్వాత ఆమె నవ్వు ఆగిపోయింది. దవడ కింద మొహం రంగు ఒకటి, మెడ రంగు ఒకటి. రెండు పొలాల మధ్య గట్టులా గీత. కుడి చెంప మీద పౌడరు పెచ్చులా నిలిచింది. ఇన్నేళ్లూ ఇలాగే చేస్తున్నానా అనుకుంది.

"ఏమైందక్కా?" అంది లహరి.

"ఏం లేదమ్మా. నాకు నచ్చలేదు. ఒక్క ఐదు నిమిషాలు కూర్చో, సరిచేస్తా."

కుర్చీని కిటికీ దగ్గరికి లాగింది. తడి స్పాంజితో చెంప మీద పౌడరు పలచన చేసింది. మెడ దాకా రంగు కలిపింది. బయట బాజాలు మొదలయ్యాయి, ఎవరో తలుపు కొడుతున్నారు. అయినా తొందరపడలేదు. "ఇప్పుడు తియ్యి బాబూ" అంది.

ఈసారి గీత లేదు. లహరి నుదుటి మీద చిన్నప్పటి ఆటలమ్మ మచ్చ మాత్రం సన్నగా కనపడుతోంది. దాన్నీ కప్పేద్దామని రోజారమణి బ్రష్ ఎత్తేలోపు, తల్లి ప్రమీలారాణి ఫోను అందుకుంది.

"ఇదిగో, ఇది మా పిల్ల! ఇందాక నువ్వు తీసి చూపించిన ఫొటోలో టీవీ యాంకరమ్మలా ఉందమ్మాయ్. ఎవరా అనుకున్నా."

గదిలో అందరూ నవ్వారు. లహరి మరీ ఎక్కువ నవ్వింది, కాటుక చెదరకుండా పట్టుకోవడానికి రోజారమణికి తల ప్రాణం తోకకొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పాత ఫొటోలన్నీ తిప్పి చూసుకుంది. చీరలు వేరు, నగలు వేరు, మొహాలు చూస్తే మాత్రం అందరూ ఒక తల్లి పిల్లల్లాగే ఉన్నారు. వాళ్లలో ఎవరికి సొట్టబుగ్గలో, ఎవరికి పెదవి మీద పుట్టుమచ్చో ఆమెకి గుర్తుంది. ఫొటోల్లో మాత్రం అవేవీ లేవు.

ఇంటికెళ్లగానే, "కొంటున్నా" అని చెప్పింది.

"అంత బాగా వచ్చాయా ఫొటోలు?" అన్నాడు మోజెస్.

"లేదండీ. నా పనిలో తప్పులు బాగా వచ్చాయి."

మోజెస్‌కి అర్థం కావడానికి కాసేపు పట్టింది. "తప్పులు చెప్పడానికి నేనున్నాగా. ఊరికే చెప్తా."

"మీరు చెప్తే కోపం వస్తుంది. అది చెప్తే దిద్దుకుంటా."

క్రిస్టీ పడీపడీ నవ్వింది. శనివారం ముగ్గురూ కలిసి వెళ్లి తెచ్చుకున్నారు. మోజెస్ షాపులోనే దాంతో తన మీసాలని ఫొటో తీయించుకుని, "ఇన్ని తెల్లవెంట్రుకలా?" అని బెంబేలెత్తిపోయాడు.

తర్వాతి పిలుపు పరిటాల నుంచి వచ్చింది. రోజారమణి ఒక గంట ముందే వెళ్లింది. పెళ్లికూతురిని వెలుతురులో కూర్చోబెట్టి, పని సగంలో ఉండగానే ఒక ఫొటో తీసుకుని, పెద్దది చేసి చూసుకుని, మళ్లీ దిద్దింది. ఆ పిల్లకి చుబుకం మీద చిన్న నొక్కు ఉంది. దాన్ని కప్పలేదు. అంతా అయ్యాక అద్దం చేతికిచ్చింది. పెళ్లికూతురు అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుని, "నేనే!" అంది. రోజారమణి ఆ రోజు కడుపునిండా భోజనం చేసి, పెరుగన్నం మళ్లీ అడిగి వేయించుకుంది.